ఆకలి కాని ఆకలి

తిండిపోతును చూచి నవ్వుట లోకమునకు అలవాటు. బండెడన్నము మ్రింగిన బకాసురుని కథను, వృకోదరుడని పేరుపొందిన భీమసేనుని కథను, నిద్రలేచినంతనే కొండలవంటి ఆహారరాసులను ఆరగించిన కుంభకర్ణుని కథను మన బాలురు చిన్ననాటనే విని నవ్వుకొందురు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రములో ఘటోత్కచుడు పెండ్లివారి పిండివంటల నన్నిటిని ఒక్కడే ఖాళీచేయు ఘట్టమును మూడు తరములవారు చూచి ఆనందించిరి. ఈ తిండిపోతులందరును ఒక విషయమున అదృష్టవంతులు. వారు పదిమంది యెదుట తినిరి, తిని తృప్తిపడిరి, తిన్నందుకు సిగ్గుపడలేదు.

మేమిప్పుడు చెప్పబోవు మనిషి అట్టివాడు కాడు. పగలంతయు అతడు మితముగనే తినును. పంక్తిలో కూర్చున్నప్పుడు విస్తరిపై చేయి అడ్డము పెట్టి, చాలు చాలు అనును. రాత్రి ఇంటివారందరును నిద్రించిన పిమ్మట, దీపమైన వెలిగింపక వంటింటిలోనికి పోవును. జంతికల డబ్బా మూత చప్పుడు కాకుండ తీయును. ఆకలి లేదు. రుచి తెలియదు. అయినను చేయి ఆగదు. డబ్బా అడుగు తగిలినప్పుడు మాత్రమే తెలివి వచ్చినట్లుండి, తన్ను తాను అసహ్యించుకొని, రేపు పచ్చిమంచినీరైన ముట్టనని ఒట్టు పెట్టుకొనును. ఆ ఒట్టు మరునాటి రాత్రివరకు నిలుచును. అతడని అన్నాము గాని, ఆమె యని అన్నను అంతే సత్యము.

దీనిని తిండిపోతుతనము అనవలెనా, పాపమనవలెనా, జబ్బు అనవలెనా? ఈ ప్రశ్నకు మానవజాతి వేయేండ్లకు పైగా జవాబులు వెదకినది. ఆ వెదకులాట చరిత్రను సంగ్రహముగ చెప్పుటయే మా ఉద్దేశము. ఏలయన, ఈ బాధకు తరతరములుగా అందరును చెప్పుచు వచ్చిన మందే చాల సందర్భములలో ఈ బాధను పెంచుచు వచ్చినదని ఆ చరిత్ర తెలుపుచున్నది.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమున నవ్వి ఊరకుండలేదు. చరకసంహిత సూత్రస్థానములోని 21వ అధ్యాయము లోకము నిందించు ఎనిమిది విధముల శరీరములను పేర్కొనుటతో ప్రారంభమగును. వారిలో అతిస్థూలుడును అతికృశుడును వైద్యుని శ్రద్ధకు ముఖ్యముగ పాత్రులు. స్థూలుని గురించి చరకుడు చేసిన ఆలోచన చిత్రమైనది. కొవ్వు దారులను మూసివేయుటచే వాయువు కోష్ఠములోనే సంచరించుచు జఠరాగ్నిని రాజవేయును; అందుచే తిన్నది త్వరగా అరిగి, మరల అన్నముపై కోరిక పుట్టును; అన్నపు వేళ తప్పినచో వికారములు కలుగును. ఇందలి శరీరశాస్త్రము నేటి శాస్త్రము కాకపోవచ్చును. కాని ఇందలి చూపు గమనింపదగినది. మనిషి తినుటచే లావైనాడని మాత్రమే చరకుడు చెప్పలేదు. అతని దేహస్థితియే అతనిచేత తినిపించుచున్నదనియు చెప్పెను.

చికిత్సలో సైతము అదే చూపు కనిపించును. స్థూలునికి గురువును అపతర్పణమును అయిన ఆహారము పెట్టవలెనని విధించిరి. అనగా కడుపునకు నిండుగ ఉండవలెను, శరీరమును మాత్రము బలియింపరాదు. యవలు, కొర్రలు, ఆరికలు, పెసలు, ఉలవలు ఆ పట్టికలో నున్నవి. వానిలో చాలవరకు మన రాయలసీమ, తెలంగాణము మెట్టపొలములలో పండిన పంటలే. జాగరణ, వ్యాయామము మొదలైనవి సైతము ఒక్కపెట్టున గాక క్రమక్రమముగ పెంచవలెనని చెప్పిరి.

దీనికి భిన్నమైన మరియొక వ్యాధిని సైతము వారు గుర్తించిరి. చికిత్సాస్థానములోని గ్రహణీ ప్రకరణమున అత్యగ్ని యని దాని వర్ణన గలదు. భస్మకమను పేరున అది ప్రసిద్ధమైనది. కఫము క్షీణించి, పిత్తము వాయువుతో కూడి విజృంభించినప్పుడు, తిన్నదెల్ల బూడిదయై, తరువాత ధాతువులే దహింపబడునట. రోగి తిన్నంతసేపు శాంతించి, అరిగిన వెంటనే సొమ్మసిల్లును. అట్టివానికి ఉపవాసము విధింపరాదనియు, నేయి, పాలు, పాయసము వంటి గురుపదార్థములను మాటిమాటికి పెట్టవలెననియు శాస్త్రము. ఆప్తమీమాంసను రచించిన జైనాచార్యుడు సమంతభద్రుడు ఈ భస్మకవ్యాధిచే పీడితుడై, దేవాలయములోని నివేదనమును భుజించి స్వస్థుడయ్యెనని జైనుల పరంపరాగత కథ. అంతటి తపస్వికి వచ్చిన ఆకలిని ఆ కథ చెప్పినవారు దోషముగ నెంచలేదు, వ్యాధిగ నెంచిరి.

గ్రీకులకు సైతము దీనికి పేరు కలదు. ఎద్దు అను మాటను ఆకలి అను మాటను కలిపి వారు బూలిమియా అనిరి. క్రీస్తుకు పూర్వము 401-400 ప్రాంతమున పదివేలమంది గ్రీకు సైనికులు ఆర్మీనియా మంచులో నడచివచ్చుచు, ఈ ఎద్దుటాకలిచే కూలిపోయిరనియు, కొంచెము ఆహారము నోట పడగానే లేచి నడచిరనియు వారి నాయకుడు జెనొఫన్ వ్రాసెను. ప్లూటార్కు తన ఊరైన ఖైరోనియాలో ఈ ఆకలిభూతమును వెడలగొట్టు ఒక ఆచారమును వర్ణించెను. ఒక బానిసను బెత్తముతో కొట్టుచు వాకిలి దాటించి, ఆకలిని పొమ్మని, సిరిని ఆరోగ్యమును రమ్మని పిలిచెడివారట. దెబ్బలు ఆకలికి తగులలేదు, బానిసకు తగిలినవి. తరువాతి శతాబ్దములలో జరిగినదంతయు ఒక విధముగ ఇదే.

క్రైస్తవ యుగమున ఈ విషయము వైద్యుని చేతినుండి గురువు చేతికి మారినది. నాలుగవ శతాబ్దమున ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన ఇవాగ్రియస్ మనస్సును చెరచు ఎనిమిది దుష్టచింతనలను లెక్కించి, తిండియాశను మొదటిదిగ నుంచెను. ఆరవ శతాబ్దమున పోపు గ్రెగరీ ఆ జాబితాను సవరించి, ఏడు మహాపాపముల పట్టికకు రూపమిచ్చెను. అందులో తిండియాశ నిలిచిపోయినది. పాపమునకు చికిత్స పశ్చాత్తాపము, ఉపవాసము, శరీరదండనము. అదుపు తప్పి తిన్నవానికి సిగ్గు, సిగ్గు కలిగినవానికి ఉపవాసము అను గొలుసు అప్పటినుండి గట్టిపడినది. ఈ భావము క్రైస్తవ దేశములకే పరిమితమని మనము అతిశయింప నక్కరలేదు. మన యిండ్లలో లావుగ నున్న పిల్లను చూచి చుట్టపుచూపుగ వచ్చిన పిన్నమ్మ అను మాటలలో ఆ తీర్పే యున్నది.

ఐరోపాలో ఈ తీర్పునుండి తప్పించుకొన జూచినవారిలో ముగ్గురు తమ కథను తామే వ్రాసిరి.

మొదటివాడు వెనిసు రాజ్యమునకు చెందిన లుయీజీ కొర్నారో. యౌవనమున విచ్చలవిడిగ తిని త్రాగి, నలువది యేండ్లకు లోపలనే రోగములపాలై, వైద్యులు ఆశ వదలుకొన్న దశలో దినమునకు 12 ఔన్సుల ఆహారము, 14 ఔన్సుల ద్రాక్షసారాయము అను కొలతకు కట్టుబడెను. అతని మితజీవన ప్రబంధము 1558లో వెలువడినది. 1566లో వృద్ధుడై పాడువాలో మరణించెను. అతని గ్రంథము అనేక భాషలలోనికి పోయి, పట్టుదల యున్నచో చాలును అను నమ్మకమును లోకమునకు నేర్పెను.

రెండవవాడు స్కాట్లండు దేశీయుడైన వైద్యుడు జార్జి చీని. పదునెనిమిదవ శతాబ్దారంభమున లండనుకు వచ్చి, రోగులను సంపాదించుటకై భోజనశాలలలో, పానశాలలలో సాంగత్యము చేసి, తుదకు 32 స్టోనులు, అనగా 448 పౌనులు తూగెను. పాలు, కాయగూరలు మాత్రమే పుచ్చుకొని తగ్గెను. తగ్గి, స్వస్థుడనైతినని తలచి, మరల మునుపటి తిండికి వచ్చెను. మరల అంత లావయ్యెను. మరల పాలకు వచ్చెను. ఈ కథనంతయు 1733లో ప్రకటించిన ‘ఇంగ్లీషు మాలడీ’ అను గ్రంథములో దాచకుండ వ్రాసెను. ఆ పుస్తకము తిండిని గురించినది మాత్రమే కాదు, దిగులును గురించినది. శరీరభారమును మనోభారమును ఒక్క పుస్తకములో, ఒక్క రోగి కథలో, అది తన కథయే యని ఒప్పుకొని, కలిపి చూపిన గొప్పదనము చీనీది.

మూడవవాడు లండనులో శవసంస్కారముల వ్యాపారము చేసిన విలియం బాంటింగు. అతని ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు, బరువు 202 పౌనులు. ఒక వైద్యుడు చెప్పగా తెల్లవారుజామున థేమ్సు నదిలో పడవ నడిపెను. దానివలన ఆకలియే పెరిగెను. తుదకు చెవి వైద్యుడైన విలియం హార్వే సలహాపై రొట్టె, చక్కెర, బీరు, బంగాళదుంపలు మానెను. ఏడాది కాలములో సుమారు 46 పౌనులు తగ్గి, 1863లో ఒక చిన్న పుస్తకము అచ్చువేయించెను. అతని పేరే పథ్యమునకు పర్యాయపదమగునంతగ అది ప్రచారమైనది. అందులో చాలమంది గమనింపని సంగతి యొకటి కలదు. బాంటింగు పస్తులుండలేదు, దినమునకు నాలుగు పూటలు కడుపునిండ తినెను.

పిమ్మట యంత్రయుగము వచ్చినది. దానితోపాటు మాత్రల యుగమును వచ్చినది. పంతొమ్మిదవ శతాబ్దాంతమున బరువు తగ్గుటకు గొర్రెల థైరాయిడు గ్రంథిసారము నిచ్చిరి. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు పరిశోధకులు డైనైట్రోఫినాల్ అను రసాయనమును ప్రచారములోనికి తెచ్చిరి. అది కొవ్వుతోపాటు మనిషినే లోపలినుండి కాల్చునదనియు, కన్నులకు శుక్లములు తెచ్చుననియు తేలి, 1938లో దానిని తొలగించిరి. అదే సంవత్సరమున ఆంఫిటమిన్ ఆకలిని అణచునని ఒక వ్యాసము వెలువడినది. ఆ మందు రెండు తరములవారిని తనకు అలవాటు చేసినది. 1990 తరువాత జోడుమందుగ ప్రసిద్ధమైన ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటములను చెరచునని 1997లో ఉపసంహరించిరి. ఒక్కొక్క మందు వచ్చినప్పుడెల్ల అద్భుతమని చెప్పిరి; పోయినప్పుడెల్ల రోగినే నిందించిరి.

ఈ చరిత్రలో మలుపు ఎవరును ఎదురుచూడని చోట వచ్చినది. అది అధికముగ తిన్నవారిపై జరిగిన పరిశోధన కాదు. ఆకలితో మాడినవారిపై జరిగినది.

రెండవ ప్రపంచయుద్ధము ముగియుచున్న కాలమది. ఐరోపాలో కోట్లాది ప్రజలు పస్తులుండిరి. వారికి మరల ఆహారము ఎట్లు పెట్టవలెనో తెలిసికొనుటకు మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 1944 నవంబరులో ఒక ప్రయోగము ప్రారంభించెను. మనస్సాక్షి ఒప్పక యుద్ధమునకు పోనిరాకరించిన 36 మంది యువకులు స్వచ్ఛందముగ అందులో చేరిరి. శరీరములోను మనస్సులోను ఆరోగ్యవంతులని పరీక్షించి ఎన్నుకొనినవారు వారు. 24 వారములు దినమునకు సుమారు 1,570 కాలరీల ఆహారముపై వారి నుంచిరి. వారి బరువులో నాలుగవవంతు తగ్గినది.

బరువు తగ్గుట ఊహించినదే. ఊహింపనిది వారి మనస్సులకు జరిగినది. తిండిని గురించి తప్ప వేరు ఆలోచన లేకుండ పోయినది. పాకశాస్త్ర గ్రంథములు కొని రాత్రులు చదివిరి. పళ్ళెములు నాకిరి. కొందరు కట్టుబాటు దాటి దొంగతనముగ తిని, తరువాత తమ్ము తాము నిందించుకొనిరి. ప్రయోగము ముగిసి, తోచినంత తినవచ్చునని చెప్పిన తరువాత అసలు వింత జరిగినది. కడుపు నిండినను ఆకలి తీరలేదు. కొందరు వారములతరబడి ఆగకుండ తినిరి. ఒకనిని ఆసుపత్రికి తీసికొనిపోయి కడుపు కడిగింపవలసి వచ్చినది. కీస్, ఆయన సహచరులు 1950లో రెండు పెద్ద సంపుటములుగ ఈ వృత్తాంతమును ప్రకటించిరి.

ఈ 36 మందిలో తిండియాశ అను పాపము ముందుగ ఎవరికిని లేదు. పస్తే వారికి అదుపు తప్పిన తిండిని నేర్పినది. కరవు చూచిన జాతికి ఈ సంగతి బొత్తిగా క్రొత్తది కాదు. 1832-33 నాటి నందన కరవును గుంటూరుసీమ తరతరములు చెప్పుకొన్నది. మాడినవానికి మొదట గంజి పోయవలెనేగాని విస్తరి పరచరాదని మన ముసలివారెరుగుదురు. కాని తానై పస్తుండి బరువు తగ్గ జూచువాని శరీరమునకు ఆ పస్తు వేరు, కరవు వేరు అని తెలియదను సంగతి ఎవరును యోచింపలేదు. దేహము పంచాంగము చూడదు. ఏకాదశి యని పస్తుంటిమో, పెండ్లిలో సన్నగ కనబడవలెనని పస్తుంటిమో, వాన పడక పస్తుంటిమో దానికి పట్టదు. కరవు వచ్చినదని మాత్రమే దానికి తెలియును. దొరికిన మొదటి క్షణమున దాచుకొన జూచును.

ఇదే కాలమున మెదడులో ఆకలి యుండు తావును శాస్త్రజ్ఞులు వెదకుచుండిరి. 1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనువారు ఎలుకల మెదడు అడుగుభాగములోని హైపోథాలమస్ అను చిన్న భాగమున మధ్యస్థానమును చెరపగా, ఆ ఎలుకలు మితిమీరి లావయ్యెను. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున బ్రోబెక్కుతో కలిసి పనిచేసిన భారతీయుడు బాలకృష్ణ ఆనంద్ దాని ప్రక్కభాగమును చెరపగా, ఎలుకలు ఎదుట నున్న ఆహారమును ముట్టక కృశించిపోయెను. ఒకటి తినుమనునది, ఒకటి చాలుననునది. తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆచార్యుడై, 1962లో ఛీనా, బలదేవ్ సింగులతో కలిసి, రక్తములోని గ్లూకోజును బట్టి ఈ స్థానముల విద్యుత్ చలనము మారునని ఆనంద్ చూపెను. ఆకలి కడుపులోనే కాదు, తలలోను ఉన్నదని చూపినవారిలో మనవాడొకడుండుట మనకు సంతోషము.

1994లో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ లెప్టిన్ అను హార్మోనును కనుగొనెను. కొవ్వు తనంత తాను మెదడునకు వార్త పంపునని దానివలన తేలినది. పుట్టుకతోనే లెప్టిన్ లేక, ఎంత తిన్నను ఆకలి తీరని ఒక బాలికకు ఆ హార్మోనును సూదిమందుగ నిచ్చిన పిమ్మట ఆకలి తగ్గినదని 1999లో ప్రకటించిరి. చరకుడు అత్యగ్ని యన్నది ఇదే యని మేము అనజాలము. కాని తీరని ఆకలి కొందరి విషయమున గుణదోషము కాదు, దేహదోషమని ఆ బాలిక నిరూపించినది.

అయినను ఎక్కువమంది బాధితులలో హార్మోను లోపము లేదు, మెదడు గాయము లేదు. వారి మాట వినుటకు మనోవైద్యులు రావలసివచ్చినది. జర్మనీనుండి అమెరికాకు వలసపోయిన హిల్డే బ్రూక్ 1930 తరువాత న్యూయార్కులో స్థూలకాయులైన పిల్లలను, వారి కుటుంబములను పరిశీలించెను. బిడ్డ ఏడ్చినప్పుడెల్ల, భయపడినను, అలసినను, విసిగినను, తల్లి తిండియే పెట్టినచో, తనకు కలిగినది ఆకలియో దిగులో గుర్తించుట ఆ బిడ్డకు తెలియకుండ పోవునని ఆమె వాదము. 1973లో వెలువడిన ఆమె గ్రంథము ఈ శాఖకు పునాదులలో ఒకటి. తల్లులపైననే నేరము మోపుట తగదని తరువాతివారు ఆ వాదమును సడలించిరి. కాని దిగులు ఆకలివలె వేషము వేసికొని వచ్చునన్న మాట నిలిచినది.

1959లో ఆల్బర్టు స్టంకర్డు స్థూలకాయుల తిండి తీరులను వర్గీకరించుచు, కొద్దిసేపటిలో మితిలేకుండ తిని పశ్చాత్తాపపడు ఈ తీరును వేరుగ వర్ణించెను. దానిని మనము తిండి పూనకమని పిలువవచ్చును. మరుసటి సంవత్సరము, 1960 జనవరిలో, లాస్ ఏంజిలిస్ నగరమున ఒక గృహిణి, త్రాగుబోతుల పరస్పర సహాయసంఘముల పద్ధతిలో అతిభోజనులకు ఒక సంఘము స్థాపించెను. అక్కడ డాక్టరు లేడు, రుసుము లేదు. ఒకరి కథ ఒకరు వినుటయే చికిత్స. ఇన్నాళ్ళు చీకటిలో తిన్నవారు వెలుతురులో ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి.

1979లో లండనులో జెరాల్డు రస్సెల్ 30 మంది రోగుల వృత్తాంతముతో, అదుపుతప్పి తిని బలవంతముగ వాంతిచేసికొను వ్యాధికి బులీమియా నెర్వోసా అని పేరు పెట్టెను. వాంతి మొదలైనవి లేకుండ తిండి పూనకము మాత్రమే యున్న వ్యాధిని అమెరికను మనోవైద్యుల గ్రంథము 1994లో అనుబంధమున చేర్చి, 2013లో స్వతంత్ర వ్యాధిగ అంగీకరించినది. కనీసము మూడు నెలలపాటు, వారమునకు ఒకమారైనను, ఇతరులు తినుదానికంటె మిక్కిలి ఎక్కువ తినుట, తినునప్పుడు ఆపలేకపోవుట, తిన్న తరువాత తీవ్రమైన బాధ కలుగుట దాని లక్షణములు. చరకునినుండి 2013 వరకు నడచిన దారి ఇది.

ఇది అరుదైన జబ్బు కాదు. 14 దేశముల సర్వేలను కలిపి 2013లో ప్రకటించిన లెక్కలలో, జీవితకాలమున ఈ వ్యాధి కలిగినవారు నూటికి 1.4 మంది. 2007 నాటి అమెరికా సర్వేలో స్త్రీలలో నూటికి 3.5, పురుషులలో నూటికి 2. లావుగ నున్నవారందరికిని ఈ వ్యాధి లేదు. ఈ వ్యాధి యున్నవారందరును లావుగ నుండరు.

ఇక చికిత్స మాట. 1981లో ఆక్స్‌ఫర్డులో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్ను వర్ణించిన పద్ధతి నేటికిని ప్రధానమైనది. తలంపులను, నడవడిని కలిపి సవరించు చికిత్స అది. దానిలో మొదటి మెట్టు విన్నవారికి ఆశ్చర్యము కలుగును. తినుట తగ్గింపుమని కాదు, వేళకు తినుమని. దినమునకు మూడు భోజనములు, నడుమ రెండు చిన్న ఫలహారములు; మెలకువగ నున్నంతకాలము మూడు నాలుగు గంటలకు మించి ఎడము ఉండరాదు. రాత్రి పూనకము వచ్చినను మరునాటి ఉదయపు ఫలహారము మానరాదు. తిన్నదెల్ల, తిన్నప్పటి మనఃస్థితితో సహా, వెంటనే ఒక కాగితముపై వ్రాసికొనవలెను. బరువు వారమునకు ఒకమారే చూచుకొనవలెను. ముట్టరాదని ఒట్టుపెట్టుకొన్న పదార్థములను క్రమముగ, నిర్భయముగ, కొలదిగ మరల తినుట నేర్చుకొనవలెను. ఏ సంఘటన, ఏ మాట, ఏ ఒంటరితనము పూనకమునకు ముందు వచ్చుచున్నదో కనిపెట్టి, దానికి వేరు మందు వెదకవలెను. మిన్నెసోటా పాఠము ఈ మెట్లన్నింటిలో ఉన్నది.

ఈ చికిత్స పూర్తిచేసినవారిలో సుమారు సగము మందికి పూనకములు ఆగిపోవుచున్నట్లు పరిశోధనలు తెలుపుచున్నవి. బరువు మాత్రము దీనివలన ఎక్కువగ తగ్గదని వైద్యులు ముందుగనే చెప్పుదురు. అది దాచరాని సత్యము. మానవసంబంధములలోని చిక్కులను సవరించు చికిత్స, ఉద్వేగములను తాళుకొనుట నేర్పు చికిత్స సైతము ఫలించుచున్నవి. ఇంగ్లండు దేశపు 2017 నాటి మార్గదర్శక సూత్రములు మొదట ఒక మంచి పుస్తకముతో, శిక్షణ పొందినవారి కొద్దిపాటి సాయముతో తనంత తాను చేసికొను చికిత్సను, అది చాలనిచో బృంద చికిత్సను సూచించినవి. మందులలో, బులీమియాకు ఫ్లూఆక్సెటిన్‌ను అమెరికా అంగీకరించినది. తిండి పూనకమునకు 2015లో అక్కడ అంగీకరించిన లిస్‌డెక్సాంఫిటమిన్, 1938 నాటి ఆంఫిటమిన్ కుటుంబమునకు చెందినదే. అది కొందరికి మేలుచేయుచున్నది; కాని అలవాటుపడు ప్రమాదము గలది గనుక డాక్టరు పర్యవేక్షణ లేక తాకరాదు. ఇటీవల బరువు తగ్గుటకు వచ్చిన సూదిమందులు ఈ వ్యాధికి ఎంతవరకు పనికివచ్చునో ఇంకను పరీక్షించుచున్నారు. గత నూరేండ్ల మాత్రల కథ విన్నవారికి తొందరపాటు తగదు.

ఇంతవరకు చెప్పినది చరిత్ర. ఈ చరిత్ర మన వంటింటి గడప దాటి లోనికి రావలెను.

1918లో కూనూరులో చిన్న పరిశోధనాలయముగ పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైన సంస్థ ఒకటి మనకు కలదు. దాని తొలి దశాబ్దముల చింతయంతయు చాలీచాలని తిండిని గురించియే. మన పెద్దల చింతయు అదే. అందుకే మనకు కొసరి కొసరి వడ్డించుట ప్రేమ; వద్దన్నవాని విస్తరిలో ఇంకొక గరిటె వేయుట మర్యాద. దానిలో తప్పులేదు. కాని వడ్డించిన చేతులే, భోజనమైన తరువాత, అమ్మాయీ కొంచెము ఒళ్ళు చేసినావే యని అనుచున్నవి. ఒక పూట బలవంతము, మరుపూట అవమానము. లంఖణము పరమౌషధమను సామెతను జ్వరమునకును అజీర్ణమునకును చెప్పియుందురు. అదుపుతప్పిన తిండికి దానిని వాడుట అగ్నిని ఆర్పుటకు నేయి పోయుట.

మీ యింటిలో ఎవరైన రాత్రివేళ రహస్యముగ తినుచున్నట్లు తెలిసినచో, డబ్బాలకు తాళము వేయకుడు. పదిమంది యెదుట ఆ మాట ఎత్తకుడు. వేళకు మీతోపాటు కూర్చుండబెట్టుకొని భోజనము పెట్టుడు. మొదట డాక్టరుచే చక్కెరవ్యాధి, థైరాయిడు మొదలైనవి లేవని పరీక్ష చేయింపుడు; పిదప మనోవైద్యుని కలియుడు. వాంతులు చేసికొనుచున్నను, ప్రాణముపై విరక్తి పలికినను, ఒక్క దినమైన ఆలస్యము చేయకుడు. మానసిక బాధలకై ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగ మాటలాడవచ్చును, తెలుగులోను మాటలాడవచ్చును.

ఖైరోనియా ఊరిలో ఆకలిని తరుమవలెనని బానిసను కొట్టిరని చెప్పితిమి. వేల యేండ్లు గడచినను ఆ బెత్తము ఇంకను మన చేతులలోనే యున్నది. దానిని క్రింద పెట్టుట చికిత్సలో మొదటి పని. రెండవ పని, వంటింటిలో దీపము వెలిగించుట. చీకటిలో ఒంటరిగ నిలుచున్నవానిని, వచ్చి కూర్చుండుము, వేళకు తిందమని పిలుచుట.